లాగి కొలవరాదు

ఆ ఆదివారం పొద్దున గ్రాముగారు వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. భార్య, వదినగారు కలిసి బజారుకు వెళ్తారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి బజారులో పడ్డారంటే చీకటి పడితే గాని ఇల్లు గుర్తు రాదు. ఈలోగా ఆయన అటక మీంచి చెక్కలు దించి, వాటి మీద మేకులతో బిగించి ఉన్న నాలుగు ఊలు ముక్కలనూ విడదీసి, కలిపి కుట్టి, స్వెట్టర్ చేసి, మడత పెట్టి ఆవిడ కుర్చీలో ఉంచుతారు. తర్వాత పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. అంతకు మించి ఆయన ఆ రోజు కోరుకున్నది ఏమీ లేదు.

గ్రాముగారన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, బజారు పెట్టిన పేరు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాల్లో త్రాసులూ తూకంరాళ్ళూ మీటరుబద్దలూ నిక్కచ్చిగా ఉన్నాయో లేదో చూసి, గ్రాము తేడా వచ్చినా కేసు రాయడం ఆయన పని. బట్టల దుకాణాల వాళ్ళకైతే ఆయన సింహస్వప్నం. మీటరుబద్ద సరిగ్గానే ఉన్నా, గుడ్డను కాస్త లాగి పట్టి కొలిచి, తక్కువ గుడ్డను ఎక్కువ చేసి చూపించే చేతివాటం కొందరికి ఉంటుంది. దాన్ని పట్టుకోవడంలో ఆయనను మించినవారు శాఖలోనే లేరు. "లాగి కొలవరాదు" అని బోర్డులు రాయించి ప్రతి బట్టల కొట్లోనూ దగ్గరుండి తగిలించిన ఘనత ఆయనదే.

అలాంటి మనిషి ఊలు ఉండ పట్టుకున్నారంటే ఎంత కష్టం వచ్చి ఉండాలి!

ఆ కష్టం కిందటి చలికాలంలో వచ్చింది. ఆయన భార్య అల్లికలో అందెవేసిన చెయ్యి. చుట్టాల్లో ఆవిడ అల్లిన స్వెట్టర్ తొడగని ఒళ్ళు లేదు, పుట్టిన పసివాళ్ళలో ఆవిడ అల్లిన టోపీ పెట్టని తల లేదు. రోజూ సాయంత్రం ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని సూదులు ఆడిస్తూ ఉంటే, ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని పేపరు పైకి చదివేవారు. టిక్కు టిక్కుమని సూదుల చప్పుడు, దాని మీద ఆయన గొంతు, మధ్యమధ్యలో "ఆ ముక్క మళ్ళీ చదవండి" అని ఆవిడ అనడం. అది సుఖమని అప్పట్లో ఆయనకు తెలియదు. రోజూ ఉండేదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఆ చలికాలం ఆవిడ ఆయన కోసం ముదురు నీలం రంగు స్వెట్టర్ అల్లింది. మెడ దగ్గర చిన్న జడ అల్లిక, ముంజేతుల దగ్గర రెండు పట్టీలు. ఆయన దాన్ని మురిసిపోతూ ఆఫీసుకు వేసుకెళ్ళారు. అయితే ఆఫీసులో సున్నితమైన త్రాసు ఒకటుంది. దాని పళ్ళెంలో ఊలు నూగు రాలినా ముల్లు కదులుతుంది. అందుకని స్వెట్టర్ విప్పేశారు. విప్పినది ఊరికే కొక్కేనికి వేలాడుతూ ఉంటే ఆయనకు మనసొప్పలేదు. ఆఫీసులో ప్రమాణపు రాళ్ళని ఉంటాయి, బజారులోని రాళ్ళన్నిటినీ వాటితో పోల్చి చూస్తారు. ఇత్తడివి, అద్దాల్లా మెరుస్తాయి, వాటి మీద గీత పడకూడదు. శాఖలో వాటిని మించిన పవిత్రమైన వస్తువు లేదు. ఆయన ఆ రాళ్ళను ఆ స్వెట్టర్‌లో చుట్టి పెట్టెలో పెట్టారు. భార్య చేతి పనికి ఇంతకన్నా మర్యాద ఏముంటుందని నిజంగా అనుకున్నారు.

ఒకరోజు ఆయన భోజనం క్యారేజీ మరిచిపోతే ఆవిడ ఆఫీసుకు పట్టుకొచ్చింది. అప్పుడే ఆయన పెట్టె తెరిచి, స్వెట్టర్ మడతలు విప్పి, రాళ్ళు తీస్తున్నారు. ఆవిడ కాసేపు చూసింది.

"వెచ్చగా ఉన్నాయాండీ ఇవి?" అని అడిగింది.

"భేషుగ్గా ఉన్నాయి. ఇన్నాళ్ళైనా ఒక్క గీత పడితే ఒట్టు," అన్నారు గ్రాముగారు ఉత్సాహంగా.

ఆవిడ క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం సూదులు బీరువా సొరుగులోకి వెళ్ళాయి. దెబ్బలాట లేదు, సాధింపు లేదు, కాఫీ టైముకే వచ్చింది, కూరలో ఉప్పు సరిగ్గానే పడింది. కుర్చీలో మాత్రం ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆయన పేపరు చదవడం మొదలుపెట్టారు. తన గొంతు తనకే ఎవరో గదిలో ఒంటరిగా వాగుతున్నట్టు వినిపించి, రెండో వార్త దగ్గరే ఆపేశారు.

కొన్నాళ్ళకు ఆవిడ కిటికీకి చెప్పినట్టు ఒక మాటంది. "ఇంతమందికి అల్లాను. నా కోసం ఒక్క వరస అల్లినవాళ్ళు లేరు."

తప్పెక్కడ జరిగిందో గ్రాముగారికి అప్పుడు తెలిసింది. అంతకుముందు ఎందుకు తెలియలేదని అడగకండి, ఆయన భార్య కూడా అడగడం మానేసింది.

క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు. అందుకని అల్లిక నేర్చుకుందామనుకున్నారు. నేర్పడానికి ఒప్పుకున్నది వదినగారు, అంటే భార్య అక్కగారు. ఆవిడకు చెల్లెలంత పనితనం లేదు గాని నోరు మాత్రం రెండింతలుంది. ఆ నోటిని అదుపులో పెట్టుకుంటానని ఆవిడ చేత ప్రమాణం చేయించుకునే సరికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. వంటింటి త్రాసు చూసి రావాలన్న సాకుతో వారం వారం వదినగారింటికి వెళ్ళేవారు. ఆ ఏడాది ఆ త్రాసుకు జరిగినన్ని తనిఖీలు ఊళ్ళో ఏ త్రాసుకూ జరగలేదు.

"మరిదిగారూ, కుట్టు వదులుగా వెయ్యండి. ఊలుకి ఊపిరాడనివ్వండి," అనేది వదినగారు.

"వదులుగా వేస్తే జారిపోదూ?"

"జారదు. అదేమైనా దొంగా పారిపోవడానికి?"

ఆయనకు మాత్రం ప్రతి కుట్టూ అవకాశం దొరికితే పారిపోయే దొంగలాగే కనిపించింది. ఒక్కొక్కదాన్నీ పీక బిగించి గాని వదిలేవారు కాదు. ముందు అరచేతంత నమూనా ముక్క అల్లి కొలుచుకోమని ఆవిడ మొత్తుకుంది. "కొలతల సంగతి నాకు చెప్పకండి వదినగారూ," అని ఆయన నవ్వేశారు. భార్య స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ పాత స్వెట్టర్‌ను స్టీలు టేపుతో కొలిచి పెట్టుకున్నారు కదా, ఇంకా నమూనా ఎందుకు? ఒక్కో ముక్క అల్లడం అవగానే, ఆ కొలతకు చెక్క మీద గీతలు గీసి, ముక్కను నాలుగు వైపులా గీతల దాకా పట్టుకొచ్చి మేకులు కొట్టేసేవారు. గీతకూ అంచుకూ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. చూసి తృప్తిగా తల పంకించి, అటక మీద పాత పేపర్ల కింద దాచేవారు. ముక్కను గీత దాకా తేవడానికి తన రెండు చేతులతో, ఒక్కోసారి మోకాలితో కూడా, లాగాల్సి వస్తోందన్న సంగతి ఆ నిపుణుడి దృష్టికి రాలేదు.

ఆదివారం వీధి తలుపు మూసుకోగానే ఆయన చెక్కలు దించారు. కటింగు ప్లేయరుతో మొదటి మేకు పీకారు. ముక్క మూల కొంచెం లోపలికి జరిగింది. రెండో మేకు పీకారు, ఇంకాస్త జరిగింది. ఆఖరి మేకు ఊడేసరికి, వీపు ముక్క అని ఆయన ఇన్నాళ్ళూ గర్వపడ్డది దిండుకు కూడా చాలనంత అయి కూర్చుంది. మిగిలిన మూడూ దాని దారే పట్టాయి. కలిపి కుడితే ఏమైనా కలిసొస్తుందేమోనన్న ఆశతో, చెమటలు కక్కుతూ కుట్టారు. స్వెట్టర్ అయింది. ఒకటో తరగతి పిల్లకు సరిపోయే స్వెట్టర్, అదీ ఆ పిల్ల ఊపిరి బిగబడితే.

ఆయన దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని అలా కూర్చుండిపోయారు. నిజంగా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వదినగారికి ఫోను చేశారు. అవతల బజారు గోల.

"వదినగారూ, మీరొక్కరే ఉన్నారా?"

"అది గాజుల కొట్లో ఉంది. ఏమైంది?"

"ముడుచుకుపోయిందండీ. మొత్తం ముడుచుకుపోయింది. ఏం చెయ్యను?"

"నేను చెబితే విన్నారా? సరే, కంగారు పడకండి. తడిపి, కింద బరువు కట్టి వేలాడదీయండి. ఊలు సాగుతుంది."

"ఎంత బరువు?"

"ఎంతో కొంత!" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఎంతో కొంత అనే బరువు గ్రాముగారి సర్వీసులో లేదు. ఇల్లంతా వెతికారు. ఇటుకలున్నాయి గాని ఒకదాని బరువు ఇంకోదానికి లేదు. రెండు చేతులకూ సమానంగా కట్టకపోతే ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అవుతాయి. ఊళ్ళో నమ్మదగిన బరువులు ఒక్కచోటే ఉన్నాయి. వాటి తాళం ఆయన జేబులోనే ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ప్రభుత్వం వారి గుండుసూదైనా ఇంటికి తీసుకురాని మనిషి, భార్య వచ్చేలోగా తిరిగి పెట్టేయవచ్చునని తనకు తాను నచ్చజెప్పుకుని చెప్పులేసుకున్నారు.

రాళ్ళపెట్టె చంకన పెట్టుకుని ఆఫీసు మెట్లు దిగుతూ ఉంటే వాచ్‌మన్ ఎదురయ్యాడు.

"ఏంటి సార్, ఆదివారం పూట పెట్టె తీశారు?"

గ్రాముగారికి అబద్ధాలు అలవాటు లేదు. నీళ్ళు నమిలారు. "చిన్న... తనిఖీ ఉందయ్యా."

"ఎక్కడ సార్?"

"అది చెప్పకూడదు," అని గబగబా నడిచి వెళ్ళిపోయారు.

వాచ్‌మన్ బావమరిదికి బజారులో కూరగాయల కొట్టుంది. ఆ తర్వాత జరిగినదంతా గ్రాముగారికి చాలా ఆలస్యంగా తెలిసింది. ఇన్‌స్పెక్టరు పెట్టెతో బయల్దేరాడని వాచ్‌మన్ బావమరిది చెవిన వేశాడు. బావమరిది పక్క కొట్టుకు చెప్పేసరికి ఇన్‌స్పెక్టర్లు ఆరుగురయ్యారు. ధాన్యం కొట్ల వీధికి చేరేసరికి వాళ్ళ వెనక వ్యాను వచ్చింది. బట్టల బజారుకు వెళ్ళేసరికి పోలీసులు కూడా దిగారు. త్రాసులు సంచుల్లోకి, మీటరుబద్దలు బల్లల కిందికి వెళ్ళిపోయాయి. చూస్తూండగానే షట్టర్లన్నీ దబదబా పడ్డాయి. ఆదివారం బేరాలు పోయిన వర్తకులు కడుపు మండి, ముందస్తు మాటైనా లేకుండా సెలవు రోజున ఈ దాడులేమిటని జిల్లాలో ఆ శాఖకు పెద్ద అయిన కంట్రోలరుగారికి ఫోను చేశారు. కంట్రోలరుగారికి ఆ దాడి సంగతి తెలియదు. తనకు తెలియకుండా తన కింది మనిషి రాళ్ళు పట్టుకుని బజారు మీద పడ్డాడంటే దాని అర్థం ఒకటే, మామూళ్ళ వసూలు, అని ఆయనకు తోచింది. జీపు తీయించారు.

షట్టర్లు పడితే బజారులో అక్కాచెల్లెళ్ళకు మాత్రం ఏం పని? వాళ్ళూ ఇంటిదారి పట్టారు. "కాసేపు మా ఇంటికి వెళ్దాం, తర్వాత వెళ్దువుగాని," అని వదినగారు ఎంత బతిమాలినా, కాళ్ళు నొప్పులని చెల్లెలు వినలేదు.

ఇవేవీ తెలియని గ్రాముగారు ముందు వరండాలో స్వెట్టర్‌ను తడిపి, కోటు హ్యాంగరుకు తగిలించి, బట్టల తీగకు వేలాడదీశారు. చేతులకు చెరో కిలోరాయి, కింది అంచుకు రెండు పక్కలా రెండేసి కిలోలు సమానంగా కట్టారు. రాళ్ళకు బట్ట చుట్టాలన్నది నిబంధన. నీలం స్వెట్టర్‌ను మళ్ళీ వాటికి చుట్టే ధైర్యం లేదు, చేతికందే ఊలు బట్ట ఇంకొక్కటే, అది పైన వేలాడుతోంది. సరే, ఈ ఒక్కసారికి అనుకున్నారు.

స్వెట్టర్ సాగింది. కళ్ళెదుటే, నీళ్ళు కారుస్తూ, జానెడు జానెడుగా కిందికి దిగింది. ఆయన టేపు పట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఒకటో తరగతి దాటింది, హైస్కూలు దాటింది, చివరికి పెద్ద మనిషి పొడుగుకు వచ్చింది. టేపు పెట్టి చూస్తే పొడుగు నిక్కచ్చిగా భార్య పాత స్వెట్టర్ పొడుగే. గ్రాముగారు చప్పట్లు కొట్టి, ఆనందం పట్టలేక, ఒక కప్పు కాఫీ కలుపుకుందామని లోపలికి వెళ్ళారు.

అదే ఆయన చేసిన పొరపాటు. ఊలుకు ఆగడం తెలియదు. కాఫీ గ్లాసుతో బయటికి వచ్చేసరికి స్వెట్టర్ చేతులు నేల మీద ఆనుతున్నాయి. అంచు మెట్టు దాకా దిగింది. పొడుగు పెరిగినకొద్దీ వెడల్పు తగ్గి, మొత్తం కలిపి తీగకు వేలాడే పొట్లకాయలా తయారైంది. గ్లాసు కింద పెట్టి రాళ్ళు విప్పుదామని వంగారు. తడిసిన ముడి బిగుసుకుపోయి ఊడిరాదు. పళ్ళతో లాగుతూ ఉన్నారు, గేటు ముందు జీపు ఆగింది. దాని వెనక స్కూటర్ల మీద వర్తకులు. వాళ్ళలో ముందు దిగింది, పోయిన నెలలోనే ఆయన చేత కేసు రాయించుకున్న బట్టల షాపు యజమాని.

"ఎవరి అనుమతితో బజారు మీద దాడి చేశారండీ మీరు?" అని అరుస్తూ లోపలికి వచ్చారు కంట్రోలరుగారు.

నోట్లో దారంతో ఉన్న గ్రాముగారు లేచి నిలబడ్డారు. "దాడా సార్? ఎవరు సార్?"

కంట్రోలరుగారి చూపు తీగ మీద పడింది. అక్కణ్ణించి కిందికి, కిందికి, నేల దాకా దిగింది. అక్కడ ఇత్తడి రాళ్ళు ఊలు కార్చిన నీళ్ళలో తడిసి మెరుస్తున్నాయి.

"అవి... మన ప్రమాణపు రాళ్ళేనా?" ఆయన గొంతు సన్నబడింది.

"అవును సార్."

"నేను వాటిని చేత్తో ముట్టుకోవడానికి కూడా జంకుతానయ్యా! నీళ్ళలో నానబెట్టారా?"

బట్టల షాపు యజమాని మెల్లగా ముందుకొచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని, స్వెట్టర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. జీవితంలో ఇలాంటి రోజొకటి వస్తుందని అతను కలలో కూడా అనుకుని ఉండడు.

"అయ్యా, మనవి," అన్నాడు కంట్రోలరుగారితో, ఎంతో వినయంగా. "బట్టని లాగి కొలవడం నేరమని నా మీద కేసు రాసింది వీరే. నేను లాగింది రెండు వేళ్ళతోనండి. రాళ్ళు కట్టలేదు."

వెనకనున్న వర్తకులు దగ్గుతో నవ్వు కప్పుకున్నారు. గ్రాముగారి తల వంగిపోయింది. మేకులు, గీతలు, మోకాలు, అన్నీ అప్పుడు ఒక్కసారిగా ఆయన కళ్ళ ముందు నిలబడ్డాయి. ఇన్నేళ్ళుగా ఎవరెవరి చేతివాటమో పట్టుకున్న మనిషి, ఆరు నెలలుగా తన చేతులు చేసిన పని చూసుకోలేదు. నేల చీలి లోపలికి వెళ్ళిపోతే బాగుండునని ఆయనకు అనిపించింది.

కంట్రోలరుగారు మరీ చెడ్డవారు కాదు. పదిమంది ముందు శాఖ పరువు పోతోందని గ్రహించి, గొంతు తగ్గించారు. "ఇదేమన్నా పరీక్షా? ఊలు నాణ్యత పరీక్ష లాంటిదా? శాఖ తరఫున చేస్తున్నదే కదా? అవునని చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను."

ఎంత చక్కని దారి! ఒక్క "అవును"తో ఉద్యోగం, పరువు రెండూ దక్కుతాయి. గ్రాముగారు నోరు తెరిచారు. అప్పుడే గేటు చప్పుడైంది.

భార్య చేతిలో ఖాళీ సంచితో నిలబడి ఉంది. ఆవిడ వెనక వదినగారు తల పట్టుకుని ఉంది. భార్య జీపును చూడలేదు, జనాన్ని చూడలేదు. స్వెట్టర్‌ను చూసింది, దానికి కట్టిన ఇత్తడి రాళ్ళను చూసింది.

"మళ్ళీనా?" అంది.

గట్టిగా అనలేదు. ఆ గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. పరీక్ష అని చెబితే ఉద్యోగం ఉంటుంది. ఆ మాట ఆవిడ చెవిన పడితే, ఇక ఎప్పటికీ ఆ సొరుగు తెరుచుకోదు.

"అసలు జరిగిందేమిటంటే చెల్లీ," అని వదినగారు ప్రమాణం గట్టున పెట్టబోయింది.

"మీరుండండి వదినగారూ," అన్నారు గ్రాముగారు. తర్వాత కంట్రోలరుగారి వైపు తిరిగారు. "పరీక్ష కాదు సార్. దాడీ కాదు. ఇది మా ఆవిడకి నేనల్లిన స్వెట్టర్. చెక్క మీద లాగి మేకులు కొట్టి, కొలత సరిపోయిందనుకున్నాను. విప్పితే ముడుచుకుపోయింది. సాగదీద్దామని ఆఫీసు రాళ్ళు తెచ్చాను. పోయిన చలికాలం ఆవిడ నాకల్లిన స్వెట్టర్‌ని నేను ఈ రాళ్ళకి చుట్టానండి. అది తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. తప్పంతా నాదే."

వరండాలో స్వెట్టర్ టపటపా నీళ్ళు కార్చింది. బట్టల షాపు యజమాని కూడా తల పక్కకు తిప్పుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు, అయితే అతను తుడుచుకున్నది జాలితోనో సంతోషంతోనో చెప్పడం కష్టం.

కంట్రోలరుగారు నిట్టూర్చారు. డ్రైవరు చేత ముడులు కోయించి రాళ్ళు జీపులో పెట్టించారు. "వీటిని పైకి పంపి మళ్ళీ సరిచూపించాలి. మీరు రేపట్నుంచి బజారుకి వెళ్ళనక్కర్లేదు. తనిఖీలు వేరేవాళ్ళు చూస్తారు. మీరు ఆఫీసులో కూర్చుని వచ్చిన కాగితాలు చూసుకుంటే చాలు," అని చెప్పి వెళ్ళిపోయారు. స్కూటర్లు కూడా వెళ్ళిపోయాయి. బజారులో ఆ సాయంత్రం షట్టర్లు తెరుచుకున్నాక, చాలా కొట్లలో మిఠాయి పంచారని విన్నవాళ్ళున్నారు.

గ్రాముగారు మెట్టు మీద కూలబడ్డారు. తనిఖీలు లేని ఇన్‌స్పెక్టరంటే ఇక ఆయనలో మిగిలిందేమిటో ఆయనకే తెలియలేదు.

భార్య తీగ దగ్గరికి వెళ్ళింది. తడి స్వెట్టర్ అంచు చేతిలోకి తీసుకుని, వేళ్ళతో వరసలు తడిమింది.

"ఎన్నాళ్ళు అల్లారండీ?"

"ఆర్నెల్లు."

"ఒక్కో కుట్టు పీక పిసికి చంపారు గదండీ," అంది. స్వెట్టర్‌ను హ్యాంగరు నుంచి తీసి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా వేసుకుని లోపలికి తీసుకెళ్ళింది. వదినగారు ముక్కు చీదుకుని, ఈ కథ ఎవరికి ముందు చెప్పాలా అని ఆలోచిస్తూ ఇంటికి బయల్దేరింది.

స్వెట్టర్ ఆరడానికి రోజులు పట్టింది. ఆవిడ దాన్ని బల్ల మీద పరిచి, నొక్కి, అదిమి, తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. అది ఏ విద్యకూ లొంగలేదు. ఆరాక తొడుక్కుంది. తల చెవుల దగ్గర ఇరుక్కుపోతే ఆయన కింద నుంచి పట్టుకుని లాగాల్సి వచ్చింది. మొత్తానికి దిగింది. అంచు మోకాళ్ళ దాకా వచ్చింది. చేతులు బిగుతుగా పట్టేసి, కర్రలు తొడిగినట్టు ముందుకు చాచుకుని నిలబడ్డాయి. ఆవిడ అద్దం ముందుకు వెళ్ళి చాలాసేపు చూసుకుంది.

"విప్పెయ్యవోయ్. చూడలేకపోతున్నాను," అన్నారు గ్రాముగారు దీనంగా.

"విప్పను. నా కోసం అల్లినది. ఇది నా స్వెట్టరు," అందావిడ.

ఆ సాయంత్రం ఆవిడ బీరువా దగ్గరికి నడిచింది. సొరుగు లాగిన చప్పుడు విని గ్రాముగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆవిడ సూదులు తీసింది, లేత పసుపు ఊలు ఉండ తీసింది. తనిఖీలు పోతే పోయాయి, బజారు నవ్వితే నవ్వింది, ఈ ఒక్కటీ దక్కిందనుకుని ఆయన గబగబా పేపరు అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి వార్త కోసం గొంతు సవరించుకున్నారు. ఆవిడ బిగుసుకుపోయిన చేతులతో వచ్చి, సూదులూ ఊలూ ఆయన ఒళ్ళో పెట్టి, చేతిలోంచి పేపరు తీసేసుకుంది.

"ఇవి నాకెందుకోయ్? అల్లాల్సింది నువ్వు గదా?"

"ఎలా అల్లనండీ? ఈ చేతులొకసారి వంచి చూపించండి."

"మరి స్వెట్టర్ విప్పి అల్లుకో!"

"విప్పితే చలేస్తుంది," అంది ఆవిడ. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చాచిన చేతుల మధ్య పేపరు పరిచి పట్టుకుంది. ఆ పనికి మాత్రం ఆ చేతులు కుట్టించినట్టు సరిపోయాయి. "ముందు అరచేతంత నమూనా ముక్క అల్లండి. మేకులొద్దు, మోకాళ్ళొద్దు. బల్ల మీద పరిచి, లాగకుండా కొలిచి నాకు చూపించండి. సరిగ్గా ఉంటే మీ స్వెట్టర్ మొదలుపెడుదురుగాని."

ఇప్పుడు ఆ ఇంట్లో సాయంత్రాలు మళ్ళీ టిక్కు టిక్కుమంటున్నాయి. ఆవిడ పేపరు పైకి చదువుతుంది. "ఆ ముక్క మళ్ళీ చదవవోయ్" అని ఆయన అడుగుతారు, అడిగే ధ్యాసలో ఒక కుట్టు జారిపోతుంది, దాన్ని వెతికేలోగా వార్త పోతుంది. ముక్క పూర్తయినప్పుడల్లా ఆవిడ పేపరు దించి, బద్ద పెట్టి కొలిచి, ఒక్క మాట కూడా అనకుండా దారం కొస పట్టుకుని చెయ్యి పక్కకు జరుపుతుంది. అల్లినదంతా సరసరా విడిపోయి ఉండలోకి చేరుతుంది. గ్రాముగారు మళ్ళీ మొదటి కుట్టు వేస్తారు.

చలికాలం వెళ్ళిపోయింది గాని, ఇంతవరకూ ఆయన ముక్క ఒక్కటైనా తనిఖీలో నెగ్గలేదు.